బాస్ గిటార్‌కి టార్టెక్స్ పిక్: వేళ్లు ఉండగా ఇదెందుకు?

ముందే తేల్చేస్తా. బాస్ వాయించేవాళ్లు, వేళ్లు ఎంత బాగా తిరిగినా సరే, నాలుగైదు మందపాటి పిక్కులు (తీగ మీటే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) కేస్‌లో పడేసి ఉంచుకోవాలి. ఏవి కొనాలంటే డన్‌లప్ వాళ్ల టార్టెక్స్ ట్రయాంగిల్, ఊదా రంగుది, 1.14 మిల్లీమీటర్ల మందం, కళ్లు మూసుకుని కొనేయొచ్చు. కాకపోతే వేళ్లతో రాని స్పీడు పిక్ పట్టుకోగానే వచ్చేస్తుందనుకుని కొంటే మాత్రం దండగ, ఆ సంగతి కింద చెప్తా.

టార్టెక్స్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం: ఒకప్పుడు ఖరీదైన పిక్కులు సముద్రపు తాబేలు చిప్పతో చేసేవాళ్లు. 1970లలో ఆ చిప్ప వ్యాపారం మీద అంతర్జాతీయంగా నిషేధం పడింది, దానికి బదులుగా 1981లో డన్‌లప్ కంపెనీ డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో వీటిని తెచ్చింది, అందుకే పిక్ మీద ఇప్పటికీ తాబేలు బొమ్మ ఉంటుంది. రంగు చూస్తే మందం (మిల్లీమీటర్లలో) తెలిసిపోతుంది: ఎరుపు 0.50, నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14. ఎరుపు, నారింజ బాస్ మీద పనికిరావు. ఎందుకంటే మామూలు బాస్ సెట్‌లో అన్నిటికన్నా సన్న తీగ 0.045 అంగుళాలు, గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ దాదాపు అంతే. ఇక బాస్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే E స్ట్రింగ్, అయితే 0.105 అంగుళాలు, అంటే రెండున్నర మిల్లీమీటర్లకు పైమాటే. దాని మీద సన్న పిక్ ఆనిస్తే పిక్కే వంగిపోతుంది, నోట్ కన్నా ముందు 'చట్' మని ప్లాస్టిక్ శబ్దం వస్తుంది, తీగ సగం కదిలి ఊరుకుంటుంది. పసుపుతో కాస్త నయం. ఆకుపచ్చ నుంచి పని మొదలవుతుంది, ఊదాకి వచ్చేసరికి తీగ వంగుతుంది కానీ పిక్ వంగదు, మనకు కావలసింది అదే.

సౌండ్ సంగతి. పిక్ కొన సన్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి తీగని ఒక్కచోట పట్టి టక్కున వదిలేస్తుంది, దాంతో పై హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు దాని పైన మోగే సన్నటి స్వరాలు, గట్టిగా పలుకుతాయి. వేలి కండ మెత్తన, వెడల్పు, వదిలేటప్పుడే ఆ పై శబ్దాల్లో కొంత మింగేస్తుంది, అందుకే వేళ్ల సౌండ్ గుండ్రంగా, లోతుగా ఉంటుంది. ఇంట్లో ఒక్కళ్లమే హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే వేళ్లదే పైచేయి, అందులో వాదన లేదు, పిక్ సౌండ్ గీకుతున్నట్టు పొడిగా అనిపిస్తుంది. అసలు తేడా బయట జనంలో వాయించినప్పుడు తెలుస్తుంది. మన ఫంక్షన్ హాళ్లు చూశారుగా, కింద మార్బుల్, పక్కన గోడలు, ఎక్కడా ఓ పరదా ఉండదు, బాస్ అంతా గుమ్మని ఒకటే మోత, ఏ నోట్ వాయించామో వాయించినవాడికే అర్థం కాదు. చర్చిలో వాయించేవాళ్లకూ ఈ బాధ తెలుసు, రేకుల షెడ్డులో ప్రార్థన కూటం అయితే ఇంకా ఘోరం. కీబోర్డ్ అబ్బాయి వెనక్కి తిరిగి "అన్నా, బాస్ వినపడట్లేదు" అంటాడు, మనం వాల్యూమ్ పెంచుతాం, సౌండ్ బాక్సుల దగ్గరాయన తగ్గిస్తాడు, పెంచినా తగ్గించినా అదే గుమ్‌గుమ్. అలాంటి చోట పిక్ తీసి, అరచేతి అంచుని బ్రిడ్జ్ (బాస్ ఒంటి మీద తీగలు బిగించే చోటు) దగ్గర తీగల మీద లైట్‌గా ఆనించి వాయించి చూడండి. నోట్ పొట్టిగా తెగిపోతుంది, మొదట్లో 'టక్' అన్నది స్పష్టంగా వస్తుంది, కాలితో కొట్టే కిక్ డ్రమ్‌తో అతుక్కుని నడుస్తుంది. వాల్యూమ్ ముట్టుకోకుండానే బాస్ బయటికి వస్తుంది.

ఇంకో విషయం, ఈ రోజుల్లో మన ప్రోగ్రామ్ హాల్లో విన్నవాళ్ల కన్నా ఫోన్‌లో వీడియో చూసేవాళ్లే ఎక్కువ. బాస్ E స్ట్రింగ్‌ని ఎక్కడా నొక్కకుండా మీటితే 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్‌కి అంత కిందికి దిగే ఓపిక లేదు. కానీ పైనున్న హార్మోనిక్స్ అందితే చాలు, కింది స్వరం ఏదో మన చెవే పూరించుకుంటుంది. పిక్‌తో వాయించిన బాస్ ఫోన్‌లో కూడా వినపడటానికి సగం కారణం ఇదే.

ఇంతా చెప్పి వేళ్లు పక్కన పెట్టేయమంటున్నానా అంటే, లేదు బాబూ. నా ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం వేళ్లతోనే నడుస్తుంది. ఇళయరాజా పాటల్లో బాస్ లైన్లు తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, పల్లవి పక్కనే ఇంకో పాట పాడుతున్నట్టు నడుస్తుంటాయి. ఓ చోట స్లైడ్, ఓ చోట నొక్కీ నొక్కనట్టు వదిలేసే నోట్, ఉన్నట్టుండి రెండు తీగలు దాటి పైకి దూకడం. ఇవి పిక్‌తో వాయించొచ్చు, వాయించేవాళ్లున్నారు, కానీ తీగలు దాటాల్సి వచ్చినప్పుడల్లా మణికట్టుకి పరీక్షే. వేళ్లకైతే ఆ బాధ లేదు, పైగా ఒక నోట్ మెత్తగా, పక్క నోట్ గట్టిగా అనడం వేళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతోనే అన్ని లైన్లూ లాగించేశాడు, ఆ వేలికి 'ద హుక్' అని పేరే పడింది. ఇక స్పీడు అంటారా, ఐరన్ మైడెన్ బ్యాండ్ బాసిస్టు స్టీవ్ హారిస్ వాయించే గ్యాలప్, అదే గుర్రం పరుగులాంటి లయ, వినండి, అది పూర్తిగా వేళ్ల పని. కాబట్టి స్పీడు కోసం పిక్ కొనేవాళ్లు ఆ డబ్బు పెట్టి తాళం కొట్టే మెట్రోనోమ్ యాప్ ఏదైనా కొనుక్కోండి, ఫ్రీగానే దొరుకుతాయి అనుకోండి.

అలాగని ఇంకో బ్యాచ్ ఉంది, పిక్ పట్టుకున్నవాడు అసలు బాసిస్టే కాడని, గిటార్ రాక బాస్‌కి వచ్చినవాడని. వీళ్లతో నాకు పడదు. లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో 1960లలో లెక్కలేనన్ని పాటలకు వాయించిన కేరోల్ కే వాడింది పిక్కే. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ, యెస్ బ్యాండ్ క్రిస్ స్క్వైర్ కూడా అంతే. అసలు 1951లో ఫెండర్ ప్రెసిషన్ బాస్ వచ్చినప్పుడు వేళ్లు ఆనించుకోవడానికి సన్న తీగ కింద ఓ చిన్న దిమ్మ పెట్టి అమ్మారు, దాన్ని పట్టుకుని బొటనవేలితో మీటమని. అంటే మొదట్లో అనుకున్నది రెండు వేళ్ల పద్ధతీ కాదు, పిక్కూ కాదు. ఇంక సంప్రదాయం గురించి కొట్టుకోవడం దేనికి?

సరే, మళ్లీ పిక్కు దగ్గరికొద్దాం. ట్రయాంగిల్ ఎందుకన్నానంటే, మూడు మూలలూ ఒకేలా ఉంటాయి, ఒక మూల అరిగితే తిప్పి ఇంకో మూల వాడుకోవచ్చు, సైజు పెద్దది కాబట్టి పట్టు కూడా బాగుంటుంది. అరగడం మాత్రం అరుగుతాయి, బాస్ రౌండ్‌వౌండ్ తీగలంటే (గుండ్రటి సన్న తీగ చుట్టినవి) ఆకురాయి లాంటివి. రిహార్సల్ అయ్యాక తీగల కింద చూస్తే నల్ల పిక్‌గార్డ్ పలక మీద సన్నటి ఊదా రంగు పొడి, వేలితో తుడిస్తే సుద్దపొడిలా అంటుకుంటుంది, తీగ చుట్టల మధ్య కూడా దూరుతుంది. గుడ్డ పెట్టి తుడుచుకోవాల్సిందే. మూల బాగా గుండ్రంగా అయ్యిందంటే 'టక్' తగ్గి సౌండ్ మందమవుతుంది, కొందరు కావాలనే అలా అరిగినవి దాచుకుంటారు, మెలోడీ పాటలకి బాగుంటాయని. పైభాగం నున్నగా మెరవదు, పౌడర్ రాసినట్టు ఉంటుంది, అది చెమట చేతులకి వరం. విజయవాడ మే నెలలో ఓపెన్ గ్రౌండ్ ప్రోగ్రామ్‌లో మెరిసే సెల్యులాయిడ్ పిక్ పట్టుకుని వాయించడం ఎలా ఉంటుందో పగవాడికి కూడా చెప్పకూడదు, వేళ్ల మధ్య తిరిగిపోతూనే ఉంటుంది. టార్టెక్స్ పూర్తిగా జారదని కాదు, జారుతుంది, కానీ పాట మధ్యలో సర్దుకునేంత టైమిస్తుంది.

ఫిర్యాదులు రెండే. ఈ ఊదా రంగు స్టేజి లైట్లలో కిందపడితే ముదురు రంగు కార్పెట్ మీద అస్సలు కనిపించదు, కంపెనీవాళ్లు ఈ మందానికి పసుపు ఇచ్చుంటే ఎంత బాగుండేది. రెండోది కంపెనీ తప్పు కాదు: నకిలీలు. ఆన్‌లైన్‌లో ఓ అమ్మకందారు దగ్గర ప్యాకెట్ తెప్పిస్తే పైన తాబేలు బొమ్మ, అక్షరాలు అన్నీ ఉన్నాయి, కానీ ఒక్క పాటకే తెల్ల ప్రింట్ వేలికి అంటుకొచ్చింది, కింద పడేస్తే శబ్దం కూడా వేరే. వెర్నియర్‌తో కొలిస్తే ఒక్కోటి ఒక్కో మందం. వెనక్కి పంపితే డబ్బులు తిరిగిచ్చారు, పోనీలెండి. అప్పట్నుంచి వాయిద్యాల షాపుకి వెళ్లి చేత్తో పట్టుకుని చూసే కొంటున్నా, నాకు ఒక్కోటి నలభై చిల్లర పడింది, వేళ్లతో గట్టిగా వంచితే నిజమైన 1.14 మొండికేస్తుంది.

నైలాన్ పిక్కులు కూడా వాడి చూశా. సౌండ్ కొంచెం మెత్తన, 'టక్' తక్కువ, వేళ్ల నుంచి కొత్తగా వచ్చేవాళ్లకి అదే ముందు నచ్చొచ్చు. ఒత్తిన ఉన్నితో చేసే ఫెల్ట్ పిక్ అని, ఉకులేలే (చిన్న నాలుగు తీగల గిటార్ లాంటిది) వాళ్లు వాడేది ఒకటుంది, బాస్ మీద వేలికీ పిక్‌కీ మధ్యలో ఉంటుంది, కానీ ఉన్ని రేగిపోయి తీగలంతా పీచు. పిక్ అసలు వద్దనుకునేవాళ్లు అరచేయి ఆనించి బొటనవేలితో మీటి చూడండి, ఇంగ్లిష్ గాయకుడు, బాసిస్టు స్టింగ్ చాలా పాటలు అలాగే వాయిస్తాడు, పొట్టి నోట్ వస్తుంది, కానీ పిక్ ఇచ్చే ఆ చురుకు రాదు.

కొత్తగా కొనేవాళ్లు ఒకేసారి డజను కొనకండి, ఆకుపచ్చ ఒకటి, నీలం ఒకటి, ఊదా రెండు తీసుకుని మీ ఆంప్‌లో, మీ తీగల మీద చూసుకోండి. ఫ్లాట్‌వౌండ్ తీగలు (చదును పట్టీ చుట్టిన నున్నటివి) ఉన్నవాళ్లకి నీలమే సరిపోవచ్చు, పిక్ కూడా ఎక్కువ కాలం వస్తుంది. ట్రయాంగిల్ దొరక్కపోతే మామూలు షేప్ తీసుకుని దాని కొనతో కాకుండా గుండ్రటి భుజంతో వాయించండి, సౌండ్ లావుగా వస్తుంది. షాపువాడు ఎరుపు అంటగట్టబోతే మాత్రం మీ తమ్ముడి అకౌస్టిక్ గిటార్‌కి తీసుకెళ్లండి, బాస్ దగ్గరికి రానివ్వకండి.