లారీని స్కూటర్‌లా తోసుకెళ్లిన హీరో

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పని మాది. పద్దెనిమిదేళ్లుగా ఛాసిస్‌లు, కొలతలు, వెల్డింగ్ మధ్యే ఉన్నాను. అందుకే ‘యాంట్‌మ్యాన్’ అనే హాలీవుడ్ సినిమాకి రెండో భాగమైన ‘యాంట్‌మ్యాన్ అండ్ ది వాస్ప్’ నాకెందుకంత ఇష్టమో చెప్పాలంటే లారీ సీను దగ్గరే మొదలుపెట్టాలి. శాన్‌ఫ్రాన్సిస్కో రోడ్ల మీద ఛేజింగ్ జరుగుతుంటుంది. ఒంటి సైజు మార్చే సూటు వేసుకున్న హీరో స్కాట్ ఉన్నట్టుండి మేడంత మనిషైపోతాడు. పక్క పలకలు లేని ఒక లారీ మీద కాలు పెట్టి, రెండో కాలితో రోడ్డును తన్నుకుంటూ, పిల్లలు స్కూటర్ తోసుకున్నట్టు పోతాడు. 2018 జులైలో గాంధీనగర్‌లో చూసినప్పుడు సీట్లోంచి లేచి చప్పట్లు కొట్టాను. పక్కనున్న మా అమ్మాయికి అప్పుడు నాలుగో తరగతి. “నాన్నా, లారీ ఆ బరువుకి ఆగుద్దా?” అనడిగింది. బెంజి సర్కిల్ దాటేదాకా బండి మీద అదే ముచ్చట.

తన పదో తరగతి పరీక్షలయ్యాక, ఎండలకు బయటికెళ్లలేక, ఇంట్లో మళ్లీ చూశాం. ఈసారి ఇంకా నచ్చింది.

స్కాట్ రెండేళ్ల గృహనిర్బంధంలో ఉంటాడు. ఇల్లు దాటితే కాలికి తగిలించిన పరికరం ఎఫ్‌బీఐ పోలీసులకు చెప్పేస్తుంది. ఇంకా మూడే మూడు రోజులు ఓపిక పడితే చాలు, కూతురితో బయట తిరగొచ్చు. అంతవరకు ఇంట్లోనే అట్టపెట్టెలతో సొరంగాలు కట్టి, పాపతో కలిసి పాకుతూ ఆడిస్తుంటాడు. సరిగ్గా అప్పుడే పాత గురువు హ్యాంక్, ఆయన కూతురు హోప్ వచ్చి పడతారు. స్కాట్ బయటికి పోవాలి, పోయినట్టు తెలియకూడదు. అందుకని ఆ పరికరాన్ని మనిషంత చీమకు కట్టి, ఇంట్లో తన బదులు దాన్ని తిప్పుతారు. ఆ చీమ డ్రమ్స్ వాయిస్తుంటే మా ఇంట్లో అందరం పగలబడి నవ్వాం. నవ్వుతున్నా లోపల టెన్షన్‌గానే ఉంటుంది, ఎందుకంటే దొరికిపోతే ఆ పాపకు నాన్న ఉండడు.

మొదటి భాగం ఆడితే రెండోదాంట్లో అన్నీ పెంచేయడం అలవాటు. విలన్లు పెరుగుతారు, ఊళ్లు కూలుతాయి. దీనికి రెండు నెలల ముందే వచ్చిన మార్వెల్ వాళ్లదే ‘ఇన్ఫినిటీ వార్’లో విశ్వంలో సగం ప్రాణులు మాయమైపోయాయి. దర్శకుడు పేటన్ రీడ్ ఆ దారిన పోలేదు. ముప్పై ఏళ్ల కిందట అణువుకన్నా చిన్నదైన క్వాంటం లోకంలో తప్పిపోయిన తల్లిని హోప్ వెతికి తెచ్చుకోవాలి, అంతే కథ. ఎదురుగా నిలిచే ఘోస్ట్ కూడా లోకాన్ని ఏలాలనుకునే మనిషి కాదు. ఒంట్లో కణాలు విడిపోతున్న నొప్పి ఆగితే చాలనుకుంటుంది. నాకు ఆ అమ్మాయి మీద జాలే కలిగింది.

స్కాట్ పాత సూటు దాచిన ట్రోఫీ మీద ‘ప్రపంచంలోకెల్లా గొప్ప అమ్మమ్మ’ అని రాసి ఉంటుంది. అది కూతురిచ్చిన బహుమతి. పాప ముచ్చటపడి దాన్ని బడికి పట్టుకెళ్తే, తెచ్చుకోవడానికి స్కాట్ వెళ్లాల్సి వస్తుంది. అక్కడ కొత్త సూటు మొరాయించి చిన్నపిల్లాడి ఎత్తు దగ్గర ఇరుక్కుపోతాడు. బయటికొచ్చాక హ్యాంక్ వాళ్లు బడి ఎలా జరిగిందని ఏడిపిస్తూ, జ్యూసు, చీజు కావాలా అంటారు. వీడు నిజంగా ఉన్నాయా అని ఆశగా అడుగుతాడు. పాల్ రడ్ ముఖంలో ఆ ఆశ ఎంత నిజాయితీగా ఉంటుందో! మైకేల్ పెన్యా వేసిన లూయిస్ సంగతి వేరు. నిజం చెప్పించే మందు ఇచ్చి ఒక్క ప్రశ్న అడిగితే ఊపిరి తీసుకోకుండా జీవితచరిత్ర మొత్తం చెప్పేస్తాడు. అతని మాటలకు మిగతావాళ్లు పెదాలు కదపడం చూసి మా ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

కొలతలతో బతికేవాణ్ని కాబట్టి ఇందులో ఇంకోటి గమనించాను. ప్రతి నవ్వూ సైజులోంచే పుడుతుంది. హ్యాంక్ అంతస్తుల ల్యాబ్ చక్రాల సూట్‌కేసంతైతే చేత్తో ఈడ్చుకుపోతారు. వంటింట్లో ఉప్పుడబ్బా పెరిగి శత్రువుకి గోడలా అడ్డం పడుతుంది.

క్వాంటం కబుర్లు మాత్రం సాగతీతే. ల్యాబ్ కోసం తిరిగే దొంగ వ్యాపారి పాత్ర లేకపోయినా కథకు లోటుండదు. చివర పేర్లు పడుతుండగా వచ్చే సీను చిన్నపిల్లలకు భయం పుట్టిస్తుంది, 2018లో మా పాప ఆ రాత్రి నిద్రపోలేదు. 2023లో వచ్చిన మూడో భాగంలో లూయిస్ లేడు, ఊరి రోడ్లూ దాదాపు లేవు. నాకది ఎక్కలేదు.

లారీ సీను రాగానే మా అమ్మాయి రిమోట్ తీసుకుని ఆపింది. “నాన్నా, మనిషి ఎత్తు పది రెట్లు పెరిగితే బరువు వెయ్యి రెట్లు అవుతుంది. ఎనభై కిలోలవాడు ఎనభై టన్నులు. ఇప్పుడు చెప్పు, ఆగుద్దా?” అంది.

“ఆగదమ్మా. బరువు మోసే కమాన్ కట్టలు అక్కడికక్కడే విరిగిపోతాయి,” అన్నాను.

కాసేపు ఆలోచించి, సీను వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది.