చించిల్లానా, న్యూజీలాండ్ వైటా? మన ఎండకు ఏ కుందేలు ఆగుతుంది?

"మాంసానికి కుందేళ్లు పెంచుదామనుకుంటున్నా అన్నా, చించిల్లా తేవాలా, న్యూజీలాండ్ వైట్ తేవాలా, వైట్ జెయింటా?" నర్సంపేట నుంచి ఒకరు, జమ్మికుంట నుంచి ఇద్దరు ఈ నెలలోనే అడిగారు. రెండేళ్ల కింద నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని షెడ్లు తిరిగాను.

మాంసం లెక్కలో పెద్ద తేడా రాదు. దాణా, పచ్చిమేత సరిగా పడితే మూడింట్లో ఏదైనా మూడు నెలలకు అటూ ఇటుగా రెండు కిలోలు తూగుతుంది. కోస్తే అందులో సగం మాంసం. చూడి 31 రోజులు, ఈతకు ఆరేడు పిల్లలు. న్యూజీలాండ్ వైట్‌ది పేరే న్యూజీలాండ్, తయారైంది అమెరికాలో. చించిల్లా 1913లో ఫ్రాన్స్‌లో బయటికొచ్చిన పాత జాతి. మన దగ్గర దొరికే సోవియట్ చించిల్లా దాన్ని వైట్ జెయింట్‌తో కలిపి రష్యాలో చేసిన పెద్ద రకం.

తేల్చేది మే నెల. వరంగల్‌లో 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోంచే పోవాలి. 30 దాటితే మేత తగ్గిస్తుంది. 35 దగ్గర కొన్నాళ్లు ఉంటే మగదాని వీర్యం దెబ్బతింటుంది, మళ్లీ కుదుటపడేసరికి నెలన్నర, రెండు నెలలు. జూన్‌లో వాన పడ్డాక జత కట్టించినా చూడి నిలవట్లేదని జాతిని తిట్టేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు.

పోయిన రోహిణి కార్తెలో ఓ మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. మా వైట్ జెయింట్ ఇంకో రెండు రోజుల్లో ఈనాలి, అప్పటికే పొట్ట మీది బొచ్చు పీకి గూడు పెట్టెలో పరుచుకుంది. నేను వెళ్లేసరికి కేజ్ మూలన సాగిలపడి, ముక్కు చుట్టూ తడిసి, నోరు తెరిచి రొప్పుతోంది. చెవులకు తడిగుడ్డ చుట్టాం, గోనెలు తడిపి కట్టాం. పొద్దు గూకేలోపే పోయింది. పక్క కేజ్‌లో చించిల్లా, అదీ చూడిదే, చల్లనీళ్ల సీసాకు ఒళ్లు ఆనించి పడుకుంది. అది బతికింది.

ఒక్కదాన్ని చూసి జాతికి మార్కులు వేయకూడదు, నిజమే. కానీ ఆ జెయింట్ ఫిబ్రవరిలో ఓ చల్లటి ఊరి నుంచి వచ్చింది. చించిల్లా పరకాల దగ్గర రేకుల షెడ్డులో పుట్టి, అంతకు ముందే ఓ ఎండాకాలం గడిపింది. అసలు తేడా అక్కడుందని నా లెక్క. కుందేళ్ల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ కేంద్రాల్లో రెంటిని చూడండి, కులు లోయలో గర్సా, కొడైకెనాల్ కొండల్లో మన్నవనూర్, రెండూ చల్లటి చోట్లే. కొండమీది కుందేలును తెచ్చి నేరుగా మన మే నెలలో పడేస్తే తప్పు దానిది కాదు.

ఇక్కడ పుట్టినవే తెల్లవీ, చించిల్లా రెండూ దొరికితే? నేను చించిల్లాకే మొగ్గుతాను. కారణం కాస్త విచిత్రం. ఎర్రకళ్ల తెల్ల కుందేలును చూడగానే కొనడానికొచ్చిన వాళ్ల పిల్లలు "పెంచుకుందాం నాన్నా" అంటారు, బేరం అక్కడే ఆగుతుంది. బూడిద రంగు చించిల్లా అయితే "అచ్చం అడవి కుందేలు లెక్కనే ఉంది" అని కూర మాట మొదలవుతుంది. ఆ పోలికతో చిక్కూ ఉంది. ఓసారి ములుగు దారిలో బండి ఆపి ఎక్కడ పట్టావని అడిగారు. అడవి కుందేలును పట్టడం నేరం. పైగా అది వేరే జంతువు, మన కుందేలుతో దాన్ని కలిపితే పిల్లలు పుట్టవు.

గ్రే జెయింట్ అనే ఇంకో జాతికీ వైట్ జెయింట్‌కు చెప్పిందే. డచ్ అనే జాతి చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, మాంసానికి చాలదు.

కొనేవాళ్లు వానలు పడ్డాక, ఆగస్టులో కొనండి. తల్లి పోయిన ఎండాకాలం ఎక్కడ గడిపిందో అడగండి. నేనైతే ఫిబ్రవరి సగానికి జత కట్టించడం ఆపేస్తున్నాను. రేకుల మీద తాటాకు కప్పాను. మగదాన్ని మాత్రం ఏప్రిల్ రాగానే పెంకుటింట్లోకి మారుస్తున్నాను, బియ్యం బస్తాల పక్కన దీన్నెందుకు పెట్టావని మా అమ్మ తిడుతున్నా సరే.