ఓడలో సూట్ గది: మా ముగ్గురి లెక్క

మాది బరంపురం. బడా బజార్‌లో పట్టుచీరల కొట్టు. వచ్చినవాళ్ళందరికీ "అంచు చూసి మురిసిపోకండి, చీర తిరగేసి చూడండి" అని రోజూ చెప్పే నేను, విహార ఓడలో సూట్, అంటే కూర్చునే చోటు కూడా ఉన్న పెద్ద గది దగ్గరకొచ్చేసరికి ఫొటో చూసి పడిపోయాను. గాజు తలుపులు, బాల్కనీ, తెల్లటి సోఫా. కింద ధర చూసి లాప్‌టాప్ మూసేశాను. మళ్ళీ తెరిచింది మా ఆవిడ.

ఓడ విశాఖలో ఎక్కుదామని ముందు అనుకున్నాం. అక్కడ 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు, ఇక్కడ రైలెక్కితే నాలుగైదు గంటల్లో దిగిపోవచ్చు. కాకపోతే అక్కణ్ణుంచి ఓడలు ఏడాదిలో కొద్దిరోజులే, అవి కాస్తా పెళ్ళిళ్ళ సీజన్‌లో పడ్డాయి. ఆషాఢంలో కొట్లో బేరం పల్చగా ఉంటుంది కాబట్టి జులైలో భువనేశ్వర్ నుంచి సింగపూర్ వెళ్ళి, అక్కణ్ణుంచి మలేసియాలోని పెనాంగ్ వెళ్ళొచ్చే మూడు రాత్రుల ఓడ ఎక్కాలని తేల్చుకున్నాం. ఇది అనుకోకుండా కలిసొచ్చింది. సింగపూర్ ఓడల ధరలు అక్కడి బడి సెలవులను బట్టి కూడా మారతాయి. ఆ బడులకు దాదాపు జూన్ నెలంతా సెలవులు, మళ్ళీ నవంబర్ మూడో వారం నుంచి డిసెంబర్ ఆఖరు దాకా. ఆ రోజులు తప్పిస్తే రేటు దిగుతుంది. శుక్రవారం బయల్దేరే ఓడ కంటే సోమవారం బయల్దేరేది మాకు ఇంకా చవగ్గా దొరికింది.

వెళ్ళేది అయిదుగురం. నేను, మా ఆవిడ, అమ్మ, బావమరిది, వాళ్ళావిడ. బావమరిది మొదటిరోజే కిటికీ కూడా లేని లోపలి గది బుక్ చేసేసుకున్నాడు. "బావా, నిద్రపోయేటప్పుడు సముద్రం ఎవడు చూస్తాడు?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మా చిక్కల్లా అమ్మతో. ఓడలో గది ధర ఇద్దరున్నారనే లెక్కతో మనిషికింత అని చెబుతారు. ఒక్కరే ఉంటే దాదాపు రెండో మనిషి డబ్బు కూడా కట్టాల్సిందే. అదే గదిలో మూడో మనిషిని కలిపితే మాత్రం ఆ మూడో టికెట్ చాలా తగ్గుతుంది. కాగితం మీద రాసుకున్నాం. మా ఇద్దరికీ బాల్కనీ గది 96,000. అమ్మకి విడిగా లోపలి గది 62,000. మొత్తం 1,58,000. ముగ్గురికీ కలిపి సూట్ 1,74,000. తేడా 16,000, అంటే రాత్రికి అయిదువేల పైచిలుకు. గోపాలపూర్‌లో సముద్రం కనబడే మంచి గదికి సెలవుల్లో ఇంచుమించు అంతే ఇచ్చాం. ఇద్దరమే వెళ్ళి ఉంటే సూట్ జోలికి పోయేవాణ్ణి కాదు. పెనాంగ్‌లో దిగే రోజు గది ఎలాగూ ఖాళీయే. రోజంతా నీళ్ళమీదే ఉండే రోజులు రెండు మూడు ఉన్న ప్రయాణమైతేనే ఆ సోఫాకి పెట్టిన డబ్బు రాబట్టుకోగలం.

బుకింగ్‌లో చివరి పేజీకొచ్చేసరికి పోర్టు చార్జీలు, పన్నులు, టిప్పులు వచ్చి చేరాయి. టిప్పు మనిషికి, రాత్రికి లెక్క. మా ఓడలో సూట్ వాళ్ళకి అది కాస్త ఎక్కువ కూడా. ఇంతకంటే తక్కువలో 'గ్యారంటీ' అని ఇంకో రేటు ఉంది. గది రకం మాత్రమే ఖాయం, ఏ డెక్కులో, అంటే ఓడలో ఏ అంతస్తులో, ఏ మూల ఇస్తారో వాళ్ళిష్టం. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని పెట్టుకుని అది కుదరదని లిఫ్టు పక్కన, ఓడ మధ్యలో ఉన్న గది నంబరు ఎంచుకున్నాం. మధ్యలో ఊపు తక్కువ. అయితే మలక్కా జలసంధిలో సముద్రం మా చిలికా సరస్సులాగే ఉంది, ఊపనేదే తెలియలేదు. ఇంకోటి, పెనాంగ్ వెళ్ళి మళ్ళీ సింగపూర్‌లో దిగాలి కాబట్టి సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకటికి రెండుసార్లు రానిచ్చేది, అవునో కాదో ముందే చూసుకోవాలి.

డెక్కు ప్లానులో లిఫ్టు చూశాను గానీ పైన ఏముందో చూడలేదు. పైన ఈతకొలను. పొద్దున అయిదింటికే కుర్చీలు ఈడ్చే చప్పుడు, బర్రుమని ఒకటి, దాని వెనకే ఇంకొకటి. ఫోన్ చేస్తే "చూస్తాం" అన్నారు, మర్నాడు ఆరింటికి మొదలుపెట్టారు. పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్కు అయితే ఈ బాధ ఉండదు.

అసలు దెబ్బ స్నానాల గదిలో తగిలింది. సూట్ కదా అని పింగాణీ తొట్టి పెట్టారు. దాని గట్టు అమ్మ మోకాలి దాకా ఉంది. ఆవిడ ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని కాసేపు దానివైపు చూసి, "ఇందులోకి దిగితే నన్ను పైకి తీసేదెవరురా?" అంది. బకెట్, చెంబు కావాలని అడిగితే గది కుర్రాడు నవ్వుతూ ఐసు ముక్కలు పెట్టే చిన్న స్టీలు బకెట్ తెచ్చాడు. దాన్నే చెంబు చేసుకుని, తొట్టి బయట ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, నేలమీద తువ్వాళ్ళు పరుచుకుని స్నానం కానిచ్చింది. బావమరిది లోపలి గదిలో మామూలు షవరే, తొట్టి ఎక్కి దిగాల్సిన పనే లేదు. రెండోరోజు నుంచి అమ్మ స్నానానికి అక్కడికే వెళ్ళింది.

దానికి బదులన్నట్టు బావమరిదీ వాళ్ళావిడా సాయంత్రమయ్యేసరికి మా బాల్కనీలో తేలేవారు. అయిదుగురం, కుర్చీలు మూడు, మిగతావాళ్ళం గడప మీద. కప్పుల్లో టీ, ఇంటినుంచి తెచ్చుకున్న చేగోడీలు. చీకటి పడేదాకా దూరంగా పోయే సరుకు ఓడలు లెక్కపెడుతూ కూర్చున్నాం. సోఫాలో మాత్రం ఎవరూ కూర్చోలేదు, అది అమ్మ మంచం.

వచ్చే ఆషాఢానికి మళ్ళీ చూస్తున్నాం. వీల్‌చైర్ వాళ్ళ కోసం గడప లేని షవరుతో గదులుంటాయట, అవసరమైనవాళ్ళు ముందే అడగాలి. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే, తొట్టి ఉన్న గది అయితే తను రానంది.