పన్నుల కార్యాలయంలో గూగుల్ మెయిల్, క్యాలెండర్, కాంటాక్ట్స్: కర్నూలు నుంచి ఒక సమీక్ష

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు వన్‌టౌన్‌ను ముంచెత్తినప్పుడు మా పన్నుల సలహా కార్యాలయంలో బురదపాలైన వస్తువుల్లో నేను నేటికీ మరిచిపోలేనిది పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకున్న లావుపాటి పుస్తకం. పోయిన ఫైళ్లలో చాలావాటికి నకళ్లు ఎక్కడో ఒకచోట దొరికాయి గాని, ఆదోని పత్తి వ్యాపారి తమ్ముడి నంబరును, బేతంచెర్లలో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడిపే ఆసామి ఇంటి చిరునామాను మాకు తిరిగి ఇచ్చే దిక్కు లేకపోయింది. బ్రౌజరులో పనిచేసే మెయిల్, క్యాలెండర్, కాంటాక్ట్స్ గురించి ఎవరు అడిగినా నేను ముందుగా పేర్ల పుస్తకం సంగతే ఎత్తుకోవడానికి కారణం ఇదే. గూగుల్ వారి ఈ మూడు సేవలనూ, ఇటీవలి సంవత్సరాల్లో వాటికి చేరిన సదుపాయాలనూ రోజూ కార్యాలయంలో వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

మెయిల్ 2004లో, క్యాలెండర్ 2006లో వచ్చాయి. చాలాకాలం ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టే ఉండిన ఈ మూడూ ఇప్పుడు ఒకే బల్ల మీద పరిచినట్టు కలిసి పనిచేస్తున్నాయి. మెయిల్ చదువుతుండగానే కుడిపక్క పట్టీలో ఆ రోజు క్యాలెండర్ తెరుచుకుంటుంది. పంపినవారి పేరు మీద మౌస్ ఉంచితే వారి వివరాల కార్డు కనిపిస్తుంది. అయితే ఈ కలయిక వల్ల లాభం పొందాలంటే కాంటాక్ట్స్ శుభ్రంగా ఉండాలి. ఉదాహరణకు, ముక్కూమొహం తెలియని వారు పంపే ఆహ్వానాలు నేరుగా మన క్యాలెండర్‌లోకి చొరబడకుండా, పంపినవారు తెలిసినవారైతేనే చేర్చమని చెప్పే అమరిక ఒకటి 2022లో వచ్చింది. తెలిసినవారు ఎవరన్నది తేల్చడానికి ఆ అమరిక చూసే వాటిలో మన కాంటాక్ట్స్ జాబితా ఒకటి. జాబితా చిందరవందరగా ఉంటే ఆ కాపలా కూడా అంతంత మాత్రంగానే ఉంటుంది.

మా జాబితాను సరిచేయడానికి నాకు సుమారు పది సాయంత్రాలు పట్టింది. ఒకే మనిషిని మూడుచోట్ల రాసుకున్న సందర్భాలను వెతికి, కలపమంటారా అని అడిగే సదుపాయం చాలా పని తగ్గించింది. కాని మన ప్రాంతంలో దానిని కళ్లు మూసుకుని నమ్మకూడదు, ఎందుకంటే మహబూబ్ బాషాలు, వెంకటేశ్వర్లు పేరున్నవారు మా జాబితాలోనే పదులకొద్దీ ఉన్నారు. ప్రతి జతనూ విడిగా చూసి కలపడమే మంచిది. పొరపాటు జరిగినా భయపడనక్కరలేదు: తీసివేసిన పేరు 30 రోజుల వరకు చెత్తబుట్టలో ఉంటుంది, అంతేగాక మొత్తం జాబితానే గత 30 రోజుల్లో ఏదో ఒక నాటి స్థితికి వెనక్కి తిప్పవచ్చు. పుస్తకం పోగొట్టుకున్నవాడిని గనుక ఈ ఒక్క సదుపాయానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

పేర్లను ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల అని ఊళ్లవారీగా లేబుళ్లు పెట్టి విడదీశాను. ఒకేసారి వందమందిని ఎంచుకుని లేబుల్ తగిలించవచ్చు. చిరునామాలోని జిల్లా పేరును మాత్రం అలా ఒకే దెబ్బతో మార్చే వీలు లేదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయినందువల్ల ఈ ఇబ్బంది మా వంటివారికి గట్టిగానే తగులుతుంది; జాబితాను ఫైలుగా దించుకుని, పట్టికలో సరిదిద్ది, పాత పేర్లు తీసివేసి మళ్లీ ఎక్కించడమే దారి. ఇంకొక సూచన: పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో దాచుకునేవారు మారుపేరు అనే గడిలో తెలుగులోనూ రాసుకుంటే, ఏ లిపిలో వెతికినా మనిషి దొరుకుతాడు. మా గుమాస్తాకు తెలుగు కీబోర్డు అలవాటు గనుక ఇది మాకు బాగా కలిసివచ్చింది.

క్యాలెండర్ విషయానికి వస్తే, పన్నుల పనిలో నెలంతా గడువులే. అమ్మకాల వివరాలిచ్చే నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ, మూలంలో కోసిన పన్ను (టీడీఎస్ - డబ్బు చెల్లించేవారే ముందుగా మినహాయించి ప్రభుత్వానికి కట్టేది) చెల్లించడానికి 7వ తేదీ. ముందస్తు పన్నుకు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలు. ప్రతి నెలా తిరిగి వచ్చేటట్టు ఒకసారి రాసుకుంటే చాలు, గంట దానంతట అదే మోగుతుంది. ఇక్కడే జాగ్రత్తపడవలసిన చోట్లు రెండున్నాయి. మార్చి నెలలో కోసిన పన్నును కట్టడానికి గడువు ఏప్రిల్ 7 కాదు, ఏప్రిల్ 30. ఆ మినహాయింపు క్యాలెండర్‌కు తెలియదు గనుక ఏప్రిల్ నాటి గుర్తును తెరిచి, ఈ ఒక్కదానినే మార్చు అనే ఎంపికతో మనమే సరిదిద్దాలి. ప్రభుత్వం గడువు పొడిగించినప్పుడు కూడా ఇదే పద్ధతి. రెండవది 31వ తేదీ. ఏదైనా గుర్తును 31న పెట్టి ప్రతి నెలా రమ్మంటే, 31 లేని నెలల్లో అది నెలాఖరుకు జరగదు, అసలు రానే రాదు. కాబట్టి మూలంలో కోసిన పన్ను రిటర్నులకు జూలై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31 అని నాలుగు గుర్తులను విడివిడిగా, ఏడాదికొకసారి వచ్చేటట్టు రాసుకోవాలి.

ఒక గుర్తుకు ఐదు హెచ్చరికల వరకు పెట్టుకోవచ్చు. మేము ఐదు రోజుల ముందు, రెండు రోజుల ముందు, ఆ ఉదయం అని మూడింటితో సరిపెట్టుకున్నాము. క్యాలెండర్‌లో గుర్తును ఈవెంటుగా గాని, చేయవలసిన పనిగా అంటే టాస్క్‌గా గాని రాయవచ్చు. తేదీ దాటిన ఈవెంటు నిశ్శబ్దంగా వెనక్కి జరిగిపోతుంది గాని, టాస్క్‌గా రాసిన పని పూర్తయిందని గుర్తు పెట్టేవరకు మిగిలిపోయినట్టు కనిపిస్తూనే ఉంటుంది. ఈ తేడా నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు అందరికీ కనిపించవలసిన గడువులను ఈవెంట్లుగా, నేను స్వయంగా దాఖలు చేయవలసిన ఒక్కొక్క రిటర్నును టాస్క్‌గా రాస్తున్నాను. జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఇల్లు అని మూడు వేర్వేరు క్యాలెండర్లు పెట్టి మొదటి రెండింటినీ గుమాస్తాకు మార్పులు చేసే అనుమతితో పంచాను. ఇంటి క్యాలెండర్ నా వరకే.

ఆ ఇంటి క్యాలెండర్‌లోనే నాకు తీరని కోరిక ఒకటుంది. మా నాన్నగారి ఆబ్దికం మార్గశిర బహుళ సప్తమి నాడు. ఏటా తిరిగి వచ్చే గుర్తులన్నీ ఇంగ్లీషు తేదీల ప్రకారమే నడుస్తాయి గనుక తిథి ప్రకారం రమ్మని చెప్పే వీలు లేదు. భారతదేశపు సెలవుల జాబితాలో ఉగాది, వినాయక చవితి కనిపిస్తాయి గాని, అవి వేరొకరు లెక్కించి చేర్చిన తేదీలు. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం తెచ్చుకుని, ఇంట్లో పెద్దల తిథులన్నీ చూసి చేత్తో ఎక్కించుకుంటున్నాను. తెలుగువారే కాదు, దేశంలో కోట్లమంది తిథులనే పాటిస్తున్నప్పుడు ఈ సదుపాయం రావలసిన అవసరం ఎంతైనా ఉంది.

కొత్త సదుపాయాల్లో మా కార్యాలయపు తీరును మార్చినది అపాయింట్‌మెంట్ పేజీ. మనకు వీలున్న వేళలను అరగంట చొప్పున చూపే ఒక లింకు తయారవుతుంది. వచ్చేవారు తమకు నచ్చిన వేళను ఎంచుకుంటే అది వెంటనే మన క్యాలెండర్‌లో పడుతుంది. ఉచిత ఖాతాకు ఇటువంటి పేజీ ఒక్కటే ఇస్తారు, మాకు అది చాలు. లింకును వాట్సాప్‌లో పంపుతాము, ఎందుకంటే మా క్లయింట్లు మెయిల్ తెరిచేది అరుదు. అయితే వేళను ఖాయం చేసుకోవడానికి మెయిల్ చిరునామా తప్పనిసరి కావడం పెద్దవయసు వ్యాపారులకు అడ్డంకిగా మారింది. "ఈ లింకులు నాకు యాడ తెలుస్తాయి సార్, నువ్వే ఒక టైం చెప్పు, వచ్చి కూర్చుంటా" అన్న ఆదోని పెద్దాయన మాటలో న్యాయముంది. అటువంటివారి తరఫున గుమాస్తాయే వేళ రాసి, ఫోన్ చేసి చెబుతాడు. కొడుకులూ కోడళ్లూ లెక్కలు చూసే ఇళ్లలో మాత్రం లింకు చక్కగా పనిచేస్తోంది. 20వ తేదీకి ముందు మెట్ల మీద నిలబడి ఎదురుచూసే జనం బాగా తగ్గారు.

మెయిల్‌లో నేను ఎక్కువగా వాడేది, ముందే రాసి చెప్పిన వేళకు పంపించే సదుపాయం. ఇది 2019లో వచ్చింది, ఒకేసారి నూరు మెయిళ్ల వరకు వరుసలో ఉంచవచ్చు. రాత్రి పదకొండింటికి పని ముగించి రాసిన మెయిల్ ఉదయం తొమ్మిదింటికి చేరితేనే మర్యాద. పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే వ్యవధిని 5 సెకన్ల నుంచి 30 సెకన్లకు పెంచుకోవడం ప్రతి కార్యాలయమూ మొదటి రోజే చేయవలసిన పని; ఒకరి లెక్కల పత్రం అదే పేరున్న మరొకరికి వెళ్లబోతుండగా నన్ను రెండుసార్లు కాపాడింది ఆ అరనిమిషమే. గుమాస్తాకు పాస్‌వర్డు చెప్పకుండా, తన ఖాతా నుంచే మన మెయిళ్లు చదివి జవాబిచ్చే ప్రతినిధి అనుమతి కూడా ఉచిత ఖాతాలో ఉంది. ప్రతినిధి మన పాస్‌వర్డును మార్చలేడు. గుమాస్తా మారినప్పుడు పాస్‌వర్డులు మార్చుకునే బాధ ఇక లేదు.

గోప్యంగా పంపే పద్ధతి మీద మాత్రం అతిగా ఆధారపడవద్దు. ఆ మెయిల్‌ను ఇతరులకు పంపకుండా, దించుకోకుండా అది అడ్డుకుంటుంది గాని, తెరను ఫోన్‌తో ఫోటో తీసుకుంటే ఆపలేదు. పాన్ కార్డులు, బ్యాంకు వివరాలు పంపేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక కృత్రిమ మేధతో మెయిళ్ల సారాంశం చెప్పే సదుపాయాన్ని నేను పన్నుల నోటీసులకు వాడను. ఒక సెక్షన్ సంఖ్య, ఒక తేదీ తారుమారైతే క్లయింటుకు జరిమానా పడుతుంది. నోటీసును మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదవవలసిందే. ప్రకటనల మెయిళ్లన్నింటినీ ఒకేచోట చూపి వద్దనుకున్నవి ఆపివేసే జాబితా 2025లో వచ్చింది, అది ఎంతో మేలు.

ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు మెయిల్‌కూ, ఫైళ్లు దాచుకునే డ్రైవ్‌కూ, ఫోటోలకూ కలిపి ఇచ్చినది. స్కాన్ చేసిన బిల్లులు అందుకునే కార్యాలయానికి అది ఎక్కువకాలం సరిపోదు. పెద్ద అటాచ్‌మెంట్లను ఏడాదికొకసారి దించుకుని ఆ మెయిళ్లను తీసివేయడమో, డబ్బు కట్టి చోటు పెంచుకోవడమో చేయాలి.

కాంటాక్ట్స్‌నూ క్యాలెండర్‌నూ ఇతర సేవలు కూడా చదవగల ఫైళ్లుగా దించుకునే వీలుంది గనుక, రేపు ఈ సేవ నచ్చకపోయినా మన పేర్లు మన చేతిలోనే ఉంటాయి. మూడు నెలలకొకసారి, 22వ తేదీన క్వార్టర్‌కొకసారి వేసే జీఎస్టీ రిటర్నుల పని ముగిశాక, రెండు ఫైళ్లనూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బళ్లారి చౌరస్తా వైపు ఉన్న మా చెల్లెలి ఇంట్లో, మూడో అంతస్తులో దాచి వస్తున్నాను.