పట్టులో అక్షరం: కూఫీయా, సులుసా?

పాత ఇరాన్ పట్టు నేతలో అరబ్బీ అక్షరం రెండు దారుల్లో నడిచింది: ఒకటి కోణాల కూఫీ లిపి, రెండోది వంపుల సులుస్ లిపి. మొదటిదానికి నాకు తోచిన గొప్ప ఉదాహరణ పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని సెయింట్ జోస్ పట్టు. ఇరాన్ తూర్పు ప్రాంతమైన ఖురాసాన్‌లో నేశారు. ఎదురెదురుగా ఏనుగులు, అంచున ఒంటెల వరస, ఏనుగుల కాళ్ల కింద కూఫీ లిపిలో అబూ మన్సూర్ బఖ్తెగిన్ అనే సేనానికి దీవెన. ఆయనకు 961లో మరణశిక్ష పడింది, కాబట్టి బట్ట అంతకు ముందుదే. చివరికి అది ఫ్రాన్సులో ఒక క్రైస్తవ సాధువు ఎముకలకు చుట్టుగుడ్డ అయింది!

కూఫీలో ఎక్కువగా నిలువు, అడ్డ గీతలే. పడుగు, పేక నడిచేదీ అలాగే. అందుకే ఆ అక్షరం మగ్గం మీదే పుట్టినట్టుంటుంది.

రెండోది సఫవీల కాలపు నేత; సఫవీలు 16-18 శతాబ్దాల్లో ఇరాన్‌ను ఏలిన రాజవంశం. సమాధుల మీద కప్పే పట్టుపై ఖురాన్ వాక్యాలు, వంపులు తిరిగే సులుస్, నస్ఖ్ లిపుల్లో. కలం ఒక్క ఊపులో తీసే వంపును మగ్గం మెట్లుమెట్లుగా కట్టాలి. దగ్గరగా చూస్తే ఆ మెట్లు కనిపిస్తాయి, రెండడుగులు వెనక్కి వేస్తే మాయమవుతాయి. మగ్గం పక్కన ఒకడు దారాలు లాగుతుంటే నేతగాడు పేక వేసేవాడు. ఆ కాలంలో ఇరాన్‌లోని యజ్ద్ నగరపు నమూనాకారుడు గియాసుద్దీన్ అయితే తన పేరునే నేతలో కలిపాడు.

చదవడానికి సఫవీ పట్టే హాయి. అయినా నా మనసు బఖ్తెగిన్ ఏనుగుల దగ్గరే ఆగిపోతుంది.