బొగ్గుట్ట రైలు దారి వెంట: డోర్నకల్ నుంచి ఇల్లందు దాకా

బొగ్గుట్ట అని కూడా పిలుచుకునే ఇల్లందుకు రైల్లో వెళ్తున్నామంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ప్రయాణికుల రైలు ఆగిపోయి చాలా కాలమైంది. ఆ ఊరికి ఒకప్పుడు టికెట్ ఇచ్చేవారన్న సంగతి కుర్రవాళ్లకు తెలియనే తెలియదు. పాత రైలు మార్గాలంటే చెవి కోసుకునే హన్మకొండ మిత్రులం కొందరం ఆ దారి ఆనవాళ్లు చూసి వచ్చాం. ఇదే పిచ్చి ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేరుగా ఇల్లందుకు వెళ్లకండి, డోర్నకల్‌లో దిగండి. ఆ ఊరు జంక్షన్ అయిందే బొగ్గు వల్ల. 1871లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకాల హక్కులు దక్కాయి. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా సాగిన నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది, ఇల్లందులో తవ్వకం మొదలైందీ ఆ ఏడే. ఇదేదో యాదృచ్ఛికం కాదు. డోర్నకల్ నుంచి చీలిన ఇల్లందు కొమ్మ లైనును విడిగా చూస్తే పాత బొగ్గు లైనులాగే ఉంటుంది. డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే మాత్రం పెద్ద లైను కథలో సగం దానిదేనని అర్థమవుతుంది.

ఆ కథ అంత శుభ్రమైనదేమీ కాదు. వరంగల్ మీదుగా చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు రైలు వేసే పథకం వివరాలు జనానికి చెప్పాలని 1883లో హైదరాబాద్‌లో ఆందోళన జరిగింది. అందులో ముందు నిలిచినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను సంస్థానం నుంచి పంపించేశారు. రైల్వే బేరంలోనూ గనుల బేరంలోనూ కనిపించే పేరు ఒక్కటే, నిజాం కొలువులోని అధికారి అబ్దుల్ హక్. గనుల వ్యవహారం మీద 1888లో లండన్‌లో పార్లమెంటు కమిటీ విచారణ కూడా జరిపింది. కుంభకోణాలు మన కాలానికే సొంతం అనుకునేవాళ్లు ఇది చదవాలి.

డోర్నకల్‌లో ఒక పూట ఉంటే చాలు. బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ చూడకుండా మాత్రం రావద్దు. గోపురాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తు చేస్తాయి, లోపల ప్రార్థన క్రైస్తవులది. భోజనానికి స్టేషన్ దగ్గరి చిన్న హోటళ్లే దిక్కు. పప్పు బాగుంది, మిగతా వాటి ఊసు వద్దు.

భద్రాచలం రోడ్డు, అంటే కొత్తగూడెం స్టేషన్ వైపు వెళ్లే రైలెక్కితే కారేపల్లి వస్తుంది. మా యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 1927లో కొత్తగూడెం వైపు కొత్త లైను ఇక్కడి నుంచే చీలింది. గనుల బలం అటు మళ్లిన కొద్దీ పాత దారి పక్కదారి అయిపోయింది. ఒక చాయ్ కొట్టు పందిరికి గుంజగా పాతిన పాత పట్టా ముక్క మా కంట పడింది. సున్నం పొరల కింద ఉబ్బెత్తు అక్షరాలు. మా మిత్రుడు దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. ముందు ఒక ‘బి’, ఆ తర్వాత తుప్పు, చివర ‘స్టీల్’ అన్న మాట, ‘18’ అంకెలు తేలాయి. తర్వాతి రెండంకెలు అరిగిపోయాయి. కొట్టు నడిపే పెద్దాయన మా సంబరం చూసి, “దాని జోడు మా దొడ్లో ఉంది, బర్రెను కట్టేస్తాం, చూస్తారా?” అన్నాడు. చూశాం. అక్షరాలున్న వైపు భూమిలో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రయాణికుల రైలు పోయినంత మాత్రాన ఆ స్థలం రైల్వేది కాకుండా పోదు. పట్టాల మీద నడవకండి. ఆటో మాట్లాడుకుని రోడ్డు మీదుగా వెళ్తూ, వీలైన చోటల్లా దిగి చూడటమే మేలు.

ఇల్లందులో బస విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లు అడిగితే బకెట్ తెచ్చారు, నీళ్లు రాలేదు. దుప్పటి దులిపితే నల్లటి దుమ్ము రాలింది. సింగరేణి పుట్టిన ఊళ్లో అది సహజమేనని సర్దిచెప్పుకున్నాం. ఉదయం మిర్చి బజ్జీలు తింటూ రిటైరైన గని కార్మికులతో గడిపిన గంట మాత్రం ఎంత డబ్బు పెట్టినా దొరకదు. వాళ్లకిది ఇప్పటికీ బొగ్గుట్టే. ఏ కుటుంబం ఎప్పుడు కొత్తగూడేనికి బదిలీ అయిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. రాత్రి బస వరంగల్‌లోనో మహబూబాబాద్‌లోనో పెట్టుకుని, తెల్లవారుజామున బయలుదేరి రావడం నయం.

తిరుగు ప్రయాణానికి మహబూబాబాద్ బస్సు ఎక్కండి. దారిలో బయ్యారం తగులుతుంది. గణపతిదేవుడి చెల్లెలు మైలమ తవ్వించిన చెరువు, కాకతీయుల వంశక్రమం చెప్పే శాసనం అక్కడివే. సీట్లు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. మాకు దొరకలేదు.

ఈ లైను గురించిన పాత కాగితాల కోసం ఎలాగూ హైదరాబాద్ వెళ్లాల్సిందే. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్త్రాలున్నాయి. పరిచయ లేఖతో వెళ్తే పని తేలికవుతుంది. ఫార్సీ, ఉర్దూ కాగితాలు చాలా ఉంటాయి కాబట్టి అవి చదవగలిగినవారు తోడుండాలి. మా బృందంలో ఉర్దూ వచ్చినవాడు ఒక్కడే. అతనికి సెలవు దొరికితే ఆ పని మొదలుపెడతాం.