డార్ట్‌మౌత్, అనాపొలిస్: ఏ నౌకాదళ అకాడమీ కట్టడం గొప్ప?

ఒకటి ఇంగ్లండ్‌లో, ఇంకొకటి అమెరికాలో. నౌకాదళ అధికారులను తయారుచేసే ఈ రెండు చోట్లా ఇప్పుడు కనిపించే ప్రధాన భవనాలు దాదాపు ఒకే కాలంలో లేచాయి.

డార్ట్‌మౌత్‌లో 1863 నుంచి కుర్రాళ్ల చదువంతా నదిలో లంగరేసిన పాత ఓడల్లోనే. 1902లో బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ కొత్త భవనానికి శంకుస్థాపన చేశాడు, 1905లో తెరిచారు. వాస్తుశిల్పి ఆస్టన్ వెబ్. బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి ఇప్పుడున్న ముఖభాగం కూడా ఆయన గీసిందే. కొండమీద ఎర్ర ఇటుక, తెల్లని పోర్ట్‌లాండ్ రాయి, కింద డార్ట్ నది. ఒడ్డు నుంచి చూస్తే కాలేజీలా కాదు, ఏదో రాజుగారి కోటలా ఉంటుంది! 1942లో జర్మన్ బాంబులు పడ్డాక శిక్షణను వేరేచోటికి మార్చాల్సి వచ్చింది.

అనాపొలిస్ అకాడమీ పుట్టింది 1845లో. తర్వాత వాస్తుశిల్పి ఎర్నెస్ట్ ఫ్లాగ్ దాని రూపమే మార్చేశాడు. ఇక్కడ అన్నీ భారీగానే. బాన్‌క్రాఫ్ట్ హాల్ అనే ఒక్క హాస్టల్లోనే నాలుగు వేల మందికి పైగా ఉంటారు. చాపెల్ (ప్రార్థనా మందిరం) గోపురం కింద అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పేరుపొందిన నౌకాదళ వీరుడు జాన్ పాల్ జోన్స్ సమాధి ఉంది. 1792లో పారిస్‌లో చనిపోయిన ఆయన అవశేషాలను 1905లో వెతికి తెచ్చారు.

హంగులో అనాపొలిస్‌దే పైచేయి. నా ఓటు మాత్రం డార్ట్‌మౌత్‌కి. భవనం, కొండ, నది అక్కడ విడివిడిగా అనిపించవు.